అమెరికా తొలి బంగారు నాణేలు: ముద్రించినవన్నీ ఎక్కడికి పోయాయి?

అడిగినది క్లుప్తంగా ఇది. 1822లో అమెరికా మింట్ (ప్రభుత్వ టంకశాల) 17,796 ఐదు డాలర్ల బంగారు నాణేలు ముద్రించినట్టు లెక్క ఉంది. ఆ సంవత్సరం వేసి ఉన్నవి ఇప్పుడు మూడే మిగిలాయి. మిగతావి ఏమయ్యాయి? 1795 నాటి మొదటి నాణేల మీద ఎంత విలువో ఎందుకు రాయలేదు? ఈ కాలం నాణెం ఒకటి కొనాలంటే ఏం చూసుకోవాలి?

కొత్త దేశం, బంగారం లేదు, అందుకే తక్కువ ముద్రించారు, అందుకే అరుదు అని చాలామంది అనుకుంటారు. ఇందులో సగం కూడా నిజం లేదు. 1820లో 2,63,806 ఐదు డాలర్ల నాణేలు ముద్రించారు. ఆ రోజులకు అది తక్కువేమీ కాదు. ఆ తేదీతో ఇప్పుడు ఉన్నవి వందల్లోనే. అంటే అసలు కథ ముద్రించడంలో లేదు, కరిగించడంలో ఉంది. కరిగించడానికి కారణం 1792 చట్టంలో రాసిన ఒకే ఒక్క అంకె: 15.

ముందు ఆ చట్టం సంగతి. ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1791 జనవరిలో మింట్ గురించి కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 2న చట్టం వచ్చింది. బంగారంలో మూడు నాణేలు: పది డాలర్ల ఈగిల్, ఐదు డాలర్ల హాఫ్ ఈగిల్, రెండున్నర డాలర్ల క్వార్టర్ ఈగిల్. ఈగిల్ మొత్తం బరువు 270 గ్రెయిన్లు, అంటే 17.5 గ్రాములు. పాత తులం 180 గ్రెయిన్లు కాబట్టి ఈగిల్ సరిగ్గా తులంన్నర తూగుతుంది. నాణ్యత పన్నెండింట పదకొండు వంతులు, అంటే మన నగల షాపువాళ్లు చెప్పే 22 క్యారెట్లే. అందులో మేలిమి బంగారం 247.5 గ్రెయిన్లు. మిగిలిన వంతులో వెండి, రాగి కలపమన్నారు, వెండి అందులో సగం దాటకూడదన్నారు. వెండి కలిసినందువల్లే ఈ నాణేలు కాస్త లేత పసుపుగా కనిపిస్తాయి. ఇవి చూసి అలవాటైన కళ్లకు, తర్వాతి కాలపు నాణేల్లోని రాగి ఎరుపు ఇట్టే తెలిసిపోతుంది.

వెండి డాలరులో 371.25 గ్రెయిన్ల మేలిమి వెండి. పది డాలర్లంటే 3,712.5 గ్రెయిన్ల వెండి. దాన్ని ఈగిల్‌లోని 247.5 గ్రెయిన్ల బంగారంతో భాగించి చూడండి, సరిగ్గా 15 వస్తుంది. అంటే ఒక వంతు బంగారం పదిహేను వంతుల వెండికి సమానమని చట్టమే తేల్చేసింది. హామిల్టన్ గుడ్డిగా వేసిన లెక్క కాదిది. 1791లో మార్కెట్ ధర దాదాపు అంతే ఉండేది. చిక్కేమిటంటే మార్కెట్ ధర మారుతుంది, చట్టంలో అంకె మారదు.

ఆ చట్టంలో ఇంకో సంగతి కూడా ఉంది. మింట్ ఉద్యోగి ఎవరైనా స్వలాభం కోసం కావాలని బంగారం, వెండి నాణేల నాణ్యత తగ్గించినా, తన చేతికి వచ్చిన లోహాన్ని కాజేసినా మరణశిక్ష. కొత్త దేశం తన డబ్బు మీద నమ్మకం కోసం ఎంత తపన పడిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. నాణెం మీద అధ్యక్షుడి బొమ్మ వేద్దామని సెనేట్ మొదట ప్రతిపాదించింది. రాజుల పద్ధతి మనకెందుకని ప్రతినిధుల సభ కాదంది. ఆ విధంగా జార్జ్ వాషింగ్టన్ బదులు స్వేచ్ఛకు గుర్తుగా ఒక స్త్రీ మూర్తి వచ్చింది.

చట్టం 1792లో వచ్చినా మొదటి బంగారు నాణెం రావడానికి మూడేళ్లు పట్టింది. ఫిలడెల్ఫియాలో సెవెంత్ స్ట్రీట్ మీద మింట్ భవనానికి 1792 జూలై 31న పునాది వేశారు. మొదటి డైరెక్టర్ డేవిడ్ రిటెన్‌హౌస్, పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. 1793లో రాగి సెంట్లు మొదలయ్యాయి. వెండి, బంగారం మాత్రం ముట్టుకోలేకపోయారు. కారణం పూచీకత్తు. నాణేల ముద్రణ చూసే ఛీఫ్ కాయినర్ హెన్రీ వోయిట్, లోహం నాణ్యత తేల్చే ఆల్బియన్ కాక్స్ చెరో 10,000 డాలర్ల పూచీకత్తు కట్టాలని చట్టం. వాళ్ల జీతం ఏడాదికి 1,500 డాలర్లు. ఆరేళ్ల జీతానికి మించిన పూచీ ఎవరు తేగలరు? చివరికి 1794 మార్చిలో కాంగ్రెస్ దిగివచ్చి కాయినర్‌కు 5,000, పరీక్షాధికారికి 1,000 చేసింది. అదే ఏడాది వెండి డాలర్లు వచ్చాయి.

బంగారం మొదలుపెట్టిన ఘనత రెండో డైరెక్టర్ హెన్రీ విలియం డీసాసూర్‌ది. సౌత్ కరోలినా లాయరు, మింట్‌లో ఉన్నది 1795లో కొన్ని నెలలే. ఆ కొద్ది నెలల్లోనే బంగారు నాణేలు బయటికి వచ్చేలా చేశాడు. 1795 జూలై 31న 744 హాఫ్ ఈగిల్స్ కాయినర్ చేతి నుంచి ఖజానాకు అందాయి. పునాది వేసిన రోజుకు సరిగ్గా మూడేళ్లు. సెప్టెంబరు 22న 1,097 ఈగిల్స్ వచ్చాయి. క్వార్టర్ ఈగిల్ మరుసటి ఏడాది సెప్టెంబరులో వచ్చింది, మొదటి విడత 66 నాణేలు. నాణెం మీద బొమ్మ పడేలా కొట్టే ఉక్కు అచ్చును డై అంటారు; ఆ డై చెక్కింది రాబర్ట్ స్కాట్. ముందువైపు టోపీ పెట్టుకున్న స్వేచ్ఛా మూర్తి లిబర్టీ, వెనక తాటి కొమ్మ మీద నిలబడి ముక్కుతో దండ పట్టుకున్న చిన్న ఈగిల్ పక్షి. ఆ కొమ్మకు మామూలుగా పదమూడు ఆకులు. 1795 ఈగిల్స్ కొన్నిటికి తొమ్మిదే ఉంటాయి. సేకరించేవాళ్లు ఆ నాలుగాకుల తేడాకి పెట్టే డబ్బు వింటే బయటివాళ్లకు నవ్వొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి అవసరమైన ఒక్క మాట. మింట్‌కు సొంత బంగారం లేదు. ఎవరైనా బంగారం తెచ్చి అప్పగిస్తే పరీక్షించి, కరిగించి, అంతే మేలిమికి నాణేలు ముద్రించి తిరిగి ఇచ్చేది. అందుకు కూలి తీసుకునేది కాదు. ఆగలేం, వెంటనే నాణేలు కావాలంటే అర శాతం కోత. 1795 ఫిబ్రవరిలో బోస్టన్ వర్తకుడు మోజెస్ బ్రౌన్ 2,276 డాలర్ల విలువైన బంగారు కడ్డీలు తెచ్చి అప్పగించాడు. మింట్‌కు వచ్చిన మొదటి బంగారం అదే. తర్వాత వచ్చినవాళ్లలో ఎక్కువమంది బ్యాంకులు, పెద్ద వర్తకులు. వాళ్లు తెచ్చిందీ ఎక్కువగా విదేశీ బంగారమే: స్పెయిన్ డబ్లూన్లు, పోర్చుగల్ నాణేలు, ఇంగ్లీషు గినీలు. 1793 చట్టం వాటిని తూకం ప్రకారం చెల్లుబాటు చేసింది. విదేశీ నాణేలు అమెరికాలో 1857 దాకా చట్టబద్ధంగా చెల్లాయి.

విలువ రాయకపోవడానికి సమాధానం ఇక్కడే ఉంది. అప్పట్లో బంగారు నాణెం అంటే ముద్రపడిన బంగారు బరువు. యూరప్‌లోనూ చాలా బంగారు నాణేల మీద విలువ ఉండేది కాదు. బ్యాంకులో గుమాస్తా దాన్ని త్రాసులో వేసి చూసేవాడు. పదిన్నో ఐదున్నో రాసినా రాయకపోయినా అతను నమ్మేది త్రాసునే. పైగా వీటిని చేత్తో పట్టుకున్నవాళ్లు తక్కువ. రోజుకూలీ డాలరు లోపే ఉన్న కాలంలో ఒక ఈగిల్ అంటే పది రోజుల కూలికి మించిన మాట. సంతలో నడిచింది రాగి సెంట్లు, స్పెయిన్ వెండి డాలర్లు, స్థానిక బ్యాంకుల నోట్లు. బంగారం బ్యాంకు ఇనప్పెట్టెల్లో, ఓడల్లో తిరిగేది. 1807లో మింట్‌లో డైలు చెక్కే జాన్ రైక్ కొత్త డిజైన్ చేసినప్పుడే హాఫ్ ఈగిల్ వెనక "5 డి." అని విలువ మొదటిసారి వచ్చింది. కాబట్టి 1822 నాణెం మీద విలువ ఉంటుంది, 1795 దాని మీద ఉండదు.

సరే, కరగడం దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్ 1803లో తన చట్టంలో బంగారానికి 15.5 వంతుల వెండి అని పెట్టింది. ఇప్పుడు ఒక అమెరికా వర్తకుడి స్థానంలో కూర్చోండి. అమెరికాలో పది వెండి డాలర్లు ఇస్తే ఒక ఈగిల్ వస్తుంది. ఆ ఈగిల్‌లోని 247.5 గ్రెయిన్ల బంగారానికి 15.5 లెక్కన 3,836 గ్రెయిన్ల వెండి వస్తుంది. అంటే పది డాలర్ల 33 సెంట్లు. వెయ్యి ఈగిల్స్ ఓడలో వేస్తే మూడు వందల డాలర్లకు పైగా తేడా, అందులో ఓడ కిరాయి, బీమా పోతాయి. లాభం పెద్దదేమీ కాదు, కానీ ఎలాగూ యూరప్‌లో సరుకు కొని బాకీ తీర్చాల్సిన వర్తకుడు వెండి పంపుతాడా, బంగారం పంపుతాడా? బంగారమే. అక్కడ అది చేరగానే కరిగి ఆ దేశపు నాణెం అయ్యేది. మింట్ చిల్లుకుండలో నీళ్లు పోస్తున్నట్టే అయింది.

ఈగిల్స్ పెద్దవి కాబట్టి ఎగుమతికి మరీ అనువు. 1804 చివర్లో వాటి ముద్రణే ఆపేశారు. అప్పటికి తొమ్మిదేళ్లలో ముద్రించినవి 1,32,592. మళ్లీ పది డాలర్ల నాణెం వచ్చింది 1838లో. వెండి డాలర్లకూ ఇంచుమించు ఇదే గతి పట్టింది. వెస్టిండీస్‌లో కొత్త అమెరికా డాలరు ఇస్తే కాస్త బరువైన స్పెయిన్ డాలరు వచ్చేది. దాన్ని తెచ్చి మింట్‌లో ఇస్తే ఉచితంగా కొత్త డాలర్లు, కొంచెం మిగులు. 1804తో వెండి డాలరు కూడా ఆగిపోయింది. రెండు లోహాలకూ ఒకే చట్టంలో ధర కట్టిన ప్రతిచోటా ఏదో ఒకటి జారిపోయేది. ఇంచుమించు అదే రోజుల్లో మన కోస్తా, సీమ జిల్లాలు ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో బంగారు వరహాలకీ వెండి రూపాయలకీ మధ్య మారకం తలనొప్పి నడుస్తోంది. 1818లో కంపెనీ వరహాను మూడున్నర రూపాయలకు కట్టి, రూపాయినే ప్రమాణం చేసి ఊపిరి పీల్చుకుంది. అమెరికా తన చట్టంలోని అంకె మార్చడానికి ఇంకా పదహారేళ్లు ఆగింది.

ఆ ఆలస్యమే 1820ల నాణేలను మింగేసింది. చాలామందికి వింతగా అనిపించే సంగతి ఒకటుంది: ఈ హాఫ్ ఈగిల్స్‌లో 1802 నుంచి 1812 దాకా తేదీలున్నవి ఇప్పటికీ వేలంలో తరచుగా కనిపిస్తాయి, వాటి తర్వాత పదేళ్లకు ముద్రించినవి కనిపించవు. పాతవే ఎక్కువ మిగిలాయి. కారణం ఇంగ్లండ్. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ఇంగ్లండ్ బంగారు ప్రమాణానికి మళ్లింది. 1816లో చట్టం చేసి 1821కి నోట్లకు మళ్లీ బంగారం చెల్లించడం మొదలుపెట్టింది. అందుకు బంగారం కావాలి, ఎక్కడున్నా కొంటుంది. మార్కెట్‌లో నిష్పత్తి 15.8 చుట్టుపక్కలకు చేరింది. అప్పటి లెక్కలో ఒక పాత ఈగిల్ బంగారం పది డాలర్ల యాభై సెంట్లు దాటింది. ఇక ఐదు డాలర్ల నాణేన్ని ఐదు డాలర్లకు ఎవరూ చేతులు మార్చుకోలేదు. బ్రోకర్లు దానికి అదనపు ధర కట్టి కొని ఓడ ఎక్కించేవారు.

మరి ఎవరూ వాడని నాణేన్ని మింట్ ఏటా ఎందుకు ముద్రించింది? కూలి లేదు కదా. బంగారం ఉన్న బ్యాంకుకు కడ్డీ కంటే ముద్ర పడిన నాణేల సంచి సుఖం. బరువు, నాణ్యత ప్రభుత్వమే పూచీ పడింది, లెక్కపెట్టుకుంటే చాలు. ఎగుమతి చేసేవాడికీ అదే సుఖం. అంటే అమెరికా ప్రభుత్వం తన ఖర్చుతో లండన్, పారిస్ కొలుములకు చక్కగా తూచిన బంగారం సరఫరా చేసింది. 1820లలో హాఫ్ ఈగిల్ చరిత్ర అంతా ఇంతే. 1822 నాణెం దీనికి పరాకాష్ఠ. 1825లో పాత 4 అంకె మీద 5 దిద్దిన డైతో వచ్చినవి రెండే తెలుసు.

ముద్రణ లెక్కల గురించి ఒక హెచ్చరిక. ఆ 17,796 అనేది 1822లో అందజేసిన నాణేల సంఖ్య. అవన్నీ 1822 అని తేదీ ఉన్నవే అయి ఉండాలని లేదు. డై చేయడానికి గట్టి ఉక్కు, శ్రమ కావాలి కాబట్టి పగిలేదాకా వాడేవారు, సంవత్సరం మారినా సరే. 1795 అని తేదీ ఉండి వెనక పెద్ద ఈగిల్ బొమ్మ ఉన్న హాఫ్ ఈగిల్స్ ఉన్నాయి. ఆ పెద్ద ఈగిల్ డిజైన్ 1795లో లేనే లేదు, పాత ముందువైపు డై ఒకటి మిగిలిపోతే రెండు మూడేళ్ల తర్వాత వాడేశారు. పుస్తకాల్లో తేదీ పక్కన వేసే సంఖ్య చూసి ఇన్ని ముద్రించారు, ఇన్ని పోయాయి అని తీసివేత చేయకండి.

ఆ పెద్ద ఈగిల్ గురించి చెప్పకుండా ఉండలేను. చిన్న ఈగిల్ బక్కగా ఉందని వెక్కిరింపులు వచ్చాక దేశ ముద్రలోని డాలు పట్టిన ఈగిల్‌ని తెచ్చారు. అసలు ముద్రలో ఈగిల్ కుడికాలిలో శాంతికి గుర్తుగా ఆలివ్ కొమ్మ, ఎడమకాలిలో బాణాలు. నాణెం మీద స్కాట్ తారుమారు చేశాడు, కుడికాలిలో బాణాలు పెట్టాడు. యుద్ధానికి సిద్ధమని కావాలనే అలా చేశారని కొందరి వాదన. డై మీద అద్దంలోలా తిప్పి చెక్కాలి కదా, అక్కడ పొరబడ్డాడని నాకు అనిపిస్తుంది. 1807లో రైక్ సరిచేశాడు. నక్షత్రాలదీ ఇలాంటి గందరగోళమే. మొదట రాష్ట్రానికొకటి చొప్పున పదిహేను, 1796లో టెనెసీ చేరాక పదహారు, ఇలా పెంచుకుంటూ పోతే చోటుండదని తెలిసి చివరికి తొలి రాష్ట్రాల లెక్కన పదమూడు. 1796 క్వార్టర్ ఈగిల్స్‌లో మొదటి 963 నాణేలకు ముందువైపు నక్షత్రాలే లేవు, తర్వాతి 432కి ఉన్నాయి. క్వార్టర్ ఈగిల్ ఎప్పుడూ పెద్దగా ఆదరణ లేని నాణెం. 1808లో రైక్ డిజైన్‌తో 2,710 ముద్రించి పదమూడేళ్లు పక్కన పెట్టేశారు. ఆ ఒక్క ఏడాది డిజైన్ కోసం ఇప్పుడు జనం కొట్టుకుంటారు.

దేశంలో బంగారం దొరకలేదా అంటే దొరికింది. 1799లో నార్త్ కరోలినా కబారస్ కౌంటీలో కాన్రాడ్ రీడ్ అనే పిల్లవాడికి వాగులో పదిహేడు పౌండ్ల బంగారు ముద్ద దొరికింది. ఏమిటో తెలియక ఇంట్లో తలుపు ఆపడానికి వాడారు. తండ్రి దాన్ని 1802లో ఒక నగల వ్యాపారికి మూడున్నర డాలర్లకు అమ్మాడు. తర్వాత ఆ కుటుంబానికి తెలివొచ్చింది, మింట్‌కు కరోలినా బంగారం రావడం మొదలైంది. 1829 నాటికి జార్జియాలోనూ గనులు తెరుచుకున్నాయి. ఫిలడెల్ఫియాకు బంగారం పంపడం దూరం, ప్రమాదం కాబట్టి 1831లో నార్త్ కరోలినాలో క్రిస్టోఫర్ బెక్‌ట్లర్ సొంతంగా నాణేలు ముద్రించడం మొదలుపెట్టాడు. గనుల యజమానులకు బంగారం ధర పెరగాలి. చట్టం మారడానికి ఇదొక ఒత్తిడి.

రెండో ఒత్తిడి రాజకీయం. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌కు బ్యాంక్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ మీద పగ. దాని నోట్ల బదులు జనం చేతిలో బంగారం ఆడాలని ఆయన పక్షం కోరిక. సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ ఇదే పాటగా తిరిగాడు, జనం ఆయనకు ఓల్డ్ బులియన్ (బులియన్ అంటే బంగారు, వెండి కడ్డీలు) అని పేరు పెట్టారు. 1834 జూన్ 28న చట్టం మారింది. ఈగిల్‌లో మేలిమి బంగారం 247.5 నుంచి 232 గ్రెయిన్లకు తగ్గింది. నిష్పత్తి 16కు కాస్త పైన. మార్కెట్ ధర 15.8 దరిదాపుల్లో ఉందని తెలిసీ 16 దాటించారు. పొరపాటున కాదు, ఈసారి బంగారం ఇంట్లో ఉండాలి, వెండి పోతే పోనీ అని.

కొత్త బరువు జూలై 31 తర్వాత ముద్రించినవాటికి వర్తించింది. పాత నాణెం కొత్తదానితో కలిసిపోకుండా గుర్తుపట్టాలి కాబట్టి వెనకవైపు ఈగిల్ తల మీద ఉండే "ఈ ప్లూరిబస్ యూనమ్" అనే లాటిన్ మాటలు తీసేశారు, మింట్‌లో డైలు చెక్కే విలియం నీస్ ముందువైపు లిబర్టీకి కొత్త తల చెక్కాడు. ఆ ఏడాది మిగిలిన అయిదు నెలల్లో ఆరున్నర లక్షలకు పైగా కొత్త హాఫ్ ఈగిల్స్ వచ్చాయి. అదే ఏడాది మొదటి సగంలో ముద్రించిన పాత రకం 50,141. వీటిలో అత్యధికం ఎక్కడికీ వెళ్లకుండా ఫిలడెల్ఫియాలోనే కరిగి ఉంటాయి. ఎందుకంటే పాత ఈగిల్‌కు కొత్త లెక్కలో పది డాలర్ల 66 సెంట్లు వస్తాయి. దాచుకున్నవాళ్లు కూడా ఇక దాచుకోలేదు. ముప్పై ఏళ్లు యూరప్ కొలుములు తప్పించుకున్నది ఇంట్లోని కొలుములో పడింది. ఏదో బ్యాంకు మూల నిల్వలో కదలకుండా ఉండిపోయినవి, ఎవరో జ్ఞాపకంగా ఉంచుకున్నవి, ఇవే ఇప్పుడు మనం చూసేవి. అందుకే ఈ కాలం బంగారం బాగా అరిగిపోయి దొరకడం తక్కువ. చేతులు మారలేదు కదా.

మిగిలిన మూడు 1822 నాణేల్లో రెండు స్మిత్‌సోనియన్ మ్యూజియానివి. మూడోది లూయీ ఎలియాస్‌బర్గ్ సేకరణ నుంచి 1982లో 6,87,500 డాలర్లకు వెళ్లింది, 2021 మార్చిలో మళ్లీ వేలానికి వచ్చి 84 లక్షల డాలర్లు పలికింది. ఇంకా ఎక్కువ పలికేది బ్రాషర్ డబ్లూన్, న్యూయార్క్ కంసాలి ఎఫ్రాయిమ్ బ్రాషర్ 1787లో చేసింది. అది ప్రభుత్వ నాణెం కాదు, మింట్ కంటే ముందుది, కాబట్టి ఈ లెక్కలోకి రాదు. వ్యాసాల్లో రెంటినీ కలిపేసి "తొలి అమెరికా బంగారు నాణెం" అని రాస్తారు, జాగ్రత్త.

కొనే విషయం. మొదటిసారి కొనేవాళ్లు ఈగిల్ జోలికి, 1820ల జోలికి వెళ్లవద్దు. 1802 నుంచి 1812 దాకా ఉన్న హాఫ్ ఈగిల్ చూడండి. చవక కాదు, ఒక కారు ధరలో మాట్లాడుకోవాలి, అయినా అసలు దొరుకుతుంది. నాణేలు పరీక్షించే సంస్థలు పీసీజీఎస్ గానీ ఎన్‌జీసీ గానీ పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన నాణెమే తీసుకోండి, ఆ నంబరును వాళ్ల వెబ్‌సైట్‌లో మీరే కొట్టి ఫొటోతో పోల్చుకోండి. పెట్టెలకు కూడా నకిలీలు వస్తున్నాయి.

నాణెం మీద సమాంతరంగా సన్నటి గీతలు కనిపిస్తే కంగారు పడకండి. బిళ్ల బరువు ఎక్కువైతే ముద్రించే ముందు ఆకురాయితో రాసి సరిచేసేవారు, ఆ గీతలు అవి. ముద్ర కింద ఉంటాయి, అంచుల దగ్గర ఎక్కువ కనిపిస్తాయి. అవి చరిత్రలో భాగం, లోపం కాదు. అసలు లోపాలు వేరే. ఈ నాణేలు చాలావాటిని ఒకప్పుడు లాకెట్లుగా, పిన్నులుగా వాడారు. ఆ కొక్కెం తీసేసి అంచు నున్న చేస్తారు, పైన పన్నెండు గంటల చోట అంచు గీతలు మాయమైతే అనుమానించండి. తోమి మెరుగు పెట్టినవీ ఎక్కువే, అసలు పాత బంగారం మెరుపు కళ్లు చెదిరేలా ఉండదు.

1804 తేదీ ఉన్న ఈగిల్ ఎవరైనా చూపిస్తే నాలుగు అంకె చూడండి. ఆ కాలంలో ముద్రించినవాటికి అడ్డగీత చివర చిన్న నిలువు గీత ఉంటుంది. అది లేని సాదా నాలుగు ఉన్నవి 1830ల మధ్యలో ప్రత్యేకంగా చేసినవి. దూత ఎడ్మండ్ రాబర్ట్స్ ద్వారా సయాం రాజుకు, మస్కట్ సుల్తాన్‌కు కానుకగా పంపే నాణేల పెట్టెల కోసం పాత తేదీతో కొట్టారు. అవి వేళ్ల మీద లెక్కపెట్టేంతే ఉన్నాయి కాబట్టి మీకు చూపించేది అది కాదని ముందే అనుకోవచ్చు.

తూకం చెప్పేస్తాను: హాఫ్ ఈగిల్ 8.75 గ్రాములు, క్వార్టర్ ఈగిల్ 4.37. కాస్త అరిగితే కాస్త తగ్గుతుంది. కానీ తూకం సరిపోయిందని అసలుదని నమ్మకండి. వీటి నకిలీలు ఇత్తడితో చేయరు, సరైన నాణ్యత ఉన్న బంగారంతోనే చేస్తారు, ఎందుకంటే లాభం బంగారంలో కాదు, తేదీలో ఉంది. కాబట్టి తూకం తర్వాత చూడాల్సింది డై వివరాలు: నక్షత్రం ఏ అక్షరానికి ఎంత దగ్గర, తేదీలో అంకెలు ఎలా వంగాయి. ప్రతి డై మీద నక్షత్రాలు, అంకెలు విడివిడిగా చేత్తో కొట్టినవే కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. తెలిసిన డై జతల్లో దేనితోనూ కలవని నాణెం వస్తే, ధర ఎంత తక్కువ చెప్పినా వెనక్కి ఇచ్చేయండి.